చిన్న నర్సింగ్ హోమ్‌లో కాన్పులు: కేసు ముప్పు నిజంగా ఎక్కడ తగ్గుతుంది

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో పన్నెండు పడకల ఆసుపత్రి. గైనకాలజిస్టు ఒక్కరే. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు పిలిస్తే వస్తారు. నెలకు పాతిక ముప్పై కాన్పులు. పక్క ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్ మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు పడిందని విన్నాక, కేసుల్లో పరిహారం కట్టే ఇండెమ్నిటీ పాలసీ మొత్తం పెంచితే సరిపోతుందా, కాస్త అనుమానం ఉన్న కాన్పులన్నీ సిజేరియన్ చేసేస్తే మేలా అని అడిగారు.

ఆ రెండింటిలో ఏదీ మొదటి పని కాదు. పాలసీ నష్టం జరిగాక డబ్బు కడుతుంది, అంతవరకే. అనుమానం వస్తే చాలు కోత అనే పద్ధతి వల్ల ముప్పు తగ్గదు, ఇంకో చోటికి మారుతుంది. మత్తు సమస్య, రక్తస్రావం, లోపల మాప్ (రక్తం అద్దే గుడ్డ) ఉండిపోవడం, వచ్చే కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుపోవడం ఇవన్నీ మీ ఖాతాలోకి వస్తాయి. పైగా ఆ ఆపరేషన్ ఎందుకు అవసరమైందో మీరే చూపించాలి. కాన్పు కేసుల్లో ఆసుపత్రులు ఎక్కువగా ఓడిపోయేది ఒక్కచోటే: ప్రమాద సూచన కనబడిన సమయానికీ, దానికి తగ్గ పని మొదలైన సమయానికీ మధ్య. ఆ వ్యవధిని తగ్గించాలి, అది నిమిషాలతో సహా కాగితం మీద కనబడాలి.

ముందు మీ ఆసుపత్రి వేగం ఎంతో తెలుసుకోండి. ‘సిజేరియన్ చేద్దాం’ అన్న మాట దగ్గర్నుంచి బిడ్డ బయటికి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పడుతోందో వరసగా కొన్ని కేసులకు రాయించండి. పగటి లెక్క వేరు, రాత్రి రెండింటి లెక్క వేరు. తల్లికో బిడ్డకో ప్రాణం మీదికి వచ్చినప్పుడు అందరూ కొలమానంగా చెప్పేది 30 నిమిషాలు. మత్తు డాక్టరు తిరుపతి నుంచి కారులో రావాలి, ఆపరేషన్ థియేటర్ అసిస్టెంటు ఇంటి దగ్గర్నుంచి రావాలి అంటే మీది గంట దాటవచ్చు. గంట పడుతుందని తెలిసి కూడా అరగంటలో కోత అవసరమయ్యే కేసులు చేర్చుకోవడం దగ్గరే చిక్కంతా. పాత సిజేరియన్ ఉండి మామూలు కాన్పుకు ప్రయత్నించేవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు, మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్న కవలలు, 34 వారాల లోపు నొప్పులు, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ ఉన్నవాళ్లు, వీళ్లందరినీ నెలలు నిండకముందే పెద్ద ఆసుపత్రికి అప్పగించాలి. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ ఆవరణలోని పద్మావతి మహిళా వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర, కుప్పం వైపు వాళ్లకు పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి. వేలూరు పంపాలంటే ఏ అంబులెన్సు రాష్ట్ర సరిహద్దు దాటి వస్తుందో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ మాట రాత్రిపూట రక్తం పోతుండగా అడగాల్సింది కాదు.

అయినా కొందరు ముందస్తు చెకప్ ఏదీ లేకుండా నొప్పులతో నేరుగా గుమ్మం ముందుకొస్తారు. ఇక్కడ తిరుమల యాత్రకు వచ్చినవాళ్లు కూడా ఉంటారు. మా దగ్గర సౌకర్యం లేదని బయటి నుంచే పంపేస్తే అది వేరే కేసవుతుంది. అత్యవసర స్థితిలో వచ్చిన మనిషికి ముందు ప్రాణం నిలబెట్టే వైద్యం చేయాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చిన నిమిషం, అప్పటి బీపీ, నాడి, బిడ్డ గుండె చప్పుడు, గర్భసంచి నోరు ఎంత తెరుచుకుంది అన్నవి రాసి, చేయాల్సింది చేసి, అప్పుడే పంపాలి.

ఇక కేస్ షీట్. చాలా చోట్ల లేబర్ రూమ్ రికార్డు ఇలా ఉంటుంది: నాలుగు గంటలకు 140, నాలుగున్నరకు 140, ఐదింటికి 140, ఐదున్నరకు 140. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. పక్కన ‘ఎఫ్‌హెచ్‌ఎస్ గుడ్’ (బిడ్డ గుండె చప్పుడు బాగుంది) అని ఒక ముక్క. ఆరింటికి బిడ్డ ఏడవకుండా పుట్టింది. కమిషన్ ముందు ఎదుటి లాయరు చూపించే మొదటి పేజీ ఇదే. నిజంగా ప్రతి అరగంటకూ విన్న గుండె చప్పుడు వరసగా ఒకే అంకె రాదు, 136, 142, 148 అంటూ మారుతుంది. నొప్పి వచ్చినప్పుడు మొదలుపెట్టి, నొప్పి తగ్గాక కనీసం అర నిమిషం దాకా, మొత్తం ఒక పూర్తి నిమిషం విని లెక్కపెట్టమని సిస్టర్లకు నేర్పండి. తల్లి నాడి కూడా అదే సమయంలో పట్టుకోవాలి, లేకపోతే గుండె చప్పుడు వినిపించే డాప్లర్‌లో తల్లి గుండెనే బిడ్డదని రాసే ప్రమాదం ఉంది. మొదటి దశలో 30 నిమిషాలకోసారి, తల్లి ముక్కడం మొదలుపెట్టాక 5 నిమిషాలకోసారి. బీపీ, జ్వరం, లోపలి పరీక్ష 4 గంటలకోసారి.

కాన్పు ఎలా సాగుతోందో గుర్తించే పట్టిక పార్టోగ్రాఫ్. అది పాతదైనా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్ అయినా, ఏదో ఒకటే వాడండి. పాతదాంట్లో గర్భసంచి నోరు 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలుపెట్టాలి, కొత్తదాంట్లో 5 దగ్గర. రెండూ కలిపి వాడితే గీతలు ఎక్కడ దాటాయో ఎవరికీ తెలియదు. కాన్పయ్యాక కూర్చుని పార్టోగ్రాఫ్ నింపే అలవాటుంటే ఇవాళే మాన్పించండి. అలా నింపిన కాగితం లేని కాగితం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆలస్యంగా రాయక తప్పకపోతే ‘ఆలస్యపు నమోదు’ అని పైన రాసి, రాస్తున్న సమయం వేసి సంతకం పెట్టాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం. వైట్‌నర్ లేబర్ రూమ్‌లో ఉండనే కూడదు.

ఫోన్‌లో చెప్పిన మాటలకూ ఇదే పద్ధతి. రాత్రి ఒంటిగంటకు సిస్టర్ ఫోన్ చేసి ‘ఉమ్మనీరు పచ్చగా ఉంది, బిడ్డ గుండె 104’ అంది. మీరు ‘వస్తున్నా, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) ఆపు’ అన్నారు. ఫోన్ చేసిన సమయం, చెప్పిన మాట, మీరు అడుగుపెట్టిన సమయం మూడూ షీట్‌లో ఉండాలి. విన్నది సిస్టర్ తిరిగి అప్పజెప్పాలి. ఫలానా అంకె దాటితే డాక్టర్ని పిలవాలి అనే పట్టిక గోడకు అంటించండి: బిడ్డ గుండె 110 లోపు లేదా 160 పైన, పై బీపీ 160 లేదా కింది బీపీ 110, నాడి 110 పైన, పచ్చటి ఉమ్మనీరు. పిలిచినందుకు సిస్టర్ని ఎప్పుడూ కసరకండి. ఒకసారి తిట్లు తిన్న సిస్టర్ రెండోసారి తెల్లారేదాకా ఆగుతుంది, ఆ ఆగడమే ప్రాణం తీస్తుంది.

నొప్పుల మందుల దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ కండకు ఇవ్వడం పూర్తిగా మానేయాలి. 500 మిల్లీలీటర్ల సెలైన్‌లో 2.5 యూనిట్లు కలిపి, నిమిషానికి 10 చుక్కలతో మొదలుపెట్టి, అరగంటకోసారి 10 చుక్కలు పెంచుతూ, 60 దాటకుండా ఆపాలి. పది నిమిషాల్లో మూడు మంచి నొప్పులు వస్తే ఇక పెంచక్కర్లేదు. ఐదు దాటినా, బిడ్డ గుండె తగ్గినా డ్రిప్ ఆపి రాయాలి. పెంచిన ప్రతిసారీ చుక్కల లెక్క, సమయం ఉండాలి. నొప్పులు తెప్పించే మిసోప్రొస్టాల్ 200 మైక్రోగ్రాముల మాత్రను బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసి పెట్టడం ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఏ ముక్కలో ఎంత మందు పోయిందో ఎవరూ చెప్పలేరు. 25 మైక్రోగ్రాముల మాత్రలే తెప్పించండి. పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు నొప్పులు తెప్పించడానికి అసలే వద్దు. చివరి మాత్ర లోపల పెట్టాక 6 గంటలు గడవందే ఆక్సిటోసిన్ మొదలుపెట్టకండి.

తల్లి ప్రాణం పోయే కేసుల్లో రక్తస్రావానిది పెద్ద వాటా, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంటితో చూసి ‘ఓ మూడొందలు పోయి ఉంటుంది’ అనే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. పిరుదుల కింద పరిచే, గీతలున్న ప్లాస్టిక్ సంచి వాడండి. మాప్‌లను తూకం వేయండి. పొడి మాప్ ఎన్ని గ్రాములో ముందే తూచి గోడ మీద రాసి పెట్టండి, తడిసిన దాని బరువులోంచి అది తీసేస్తే మిగిలిన ఒక్కో గ్రాము ఒక్కో మిల్లీలీటరు రక్తం. కాన్పయిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి, ఆ నిమిషం రాయాలి. మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అన్నది రోజుకు రెండుసార్లు చూసి రాయించండి. కరెంటు పోయే ఊళ్లలో ట్రేలో వారాల తరబడి ఉన్న ఆంప్యూల్ పనిచేయకపోతే, మందు ఇచ్చామన్న రాత మిమ్మల్ని కాపాడదు.

300 మిల్లీలీటర్లు దాటి నాడి, బీపీ మారుతున్నా, అవి మారకుండానే 500 దాటినా వెంటనే అన్నీ కలిపి మొదలుపెట్టాలి: గర్భాశయాన్ని రుద్దడం, ఆక్సిటోసిన్ డ్రిప్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము 10 నిమిషాల్లో సిరకు, సెలైన్, మూత్రాశయం ఖాళీ చేయడం, చిరుగులు, మాయ ముక్కలు ఉన్నాయేమో చూడటం. ఒకటి ఇచ్చి పనిచేస్తుందేమోనని చూసి, తర్వాత రెండోది అనుకుంటే సమయం అక్కడే పోతుంది. 2023లో ప్రచురితమైన ఈ-మోటివ్ అధ్యయనం కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆసుపత్రుల్లో సరిగ్గా ఇదే చేసి చూసింది. సంచితో కొలవడం, అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట తెరవడం, దానివల్ల చావు, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయి. ట్రానెక్సామిక్ ఆమ్లం కాన్పయిన 3 గంటల లోపే ఇవ్వాలి. గర్భసంచిని బిగించే మందుల్లో మిథైల్ ఎర్గోమెట్రిన్ బీపీ ఉన్నవాళ్లకు, కార్బోప్రొస్ట్ ఆస్తమా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. తొందరలో జరిగే పొరపాటు ఇదే కాబట్టి కేస్ షీట్ మొదటి పేజీ మీదే ఎర్ర అక్షరాలతో బీపీ, ఆస్తమా అని రాయించండి. రక్తం ఎక్కడ దొరుకుతుంది, ఎవరు వెళ్తారు, ఎంతసేపట్లో వస్తుంది అన్నది కాన్పుకు ముందే ఆ కుటుంబానికి చెప్పి, చెప్పినట్టు రాయండి.

బీపీ 160/110 చేరితే అరగంట నుంచి గంటలోపు తగ్గించే మందు పడాలి. ఫిట్స్ వచ్చినా, వచ్చేలా ఉన్నా రిఫర్ చేసే ముందే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి పంపాలి. ఆంప్యూల్ మీద 50 శాతం అని చూశాక 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌కు 1 గ్రాము లెక్క. 4 ఆంప్యూల్స్‌ను 12 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి సిరకు 5 నిమిషాల పైగా నెమ్మదిగా, 5 ఆంప్యూల్స్ చొప్పున రెండు పిరుదులకూ లోతుగా. మొత్తం 14 ఆంప్యూల్స్ ఒకే డబ్బాలో, పక్కనే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు. తర్వాతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్, నిమిషానికి శ్వాస 16 తగ్గకపోవడం, గంటకు మూత్రం 30 మిల్లీలీటర్లు తగ్గకపోవడం చూడాలి. రిఫరల్ చీటీలో ఈ మందు ఏ గంటకు ఎంత ఇచ్చారో లేకపోతే అక్కడివాళ్లు మళ్లీ మొత్తం ఇవ్వవచ్చు. నొప్పులు మొదలైన గంట, నీళ్లు పోయిన గంట, చివరి బీపీ, చివరి గుండె చప్పుడు, ఇచ్చిన ప్రతి మందు, అక్కడ ఫోన్‌లో ఎవరితో ఏ సమయానికి మాట్లాడారు, వాళ్లేమన్నారు, ఇవన్నీ చీటీలో ఉండాలి. ఒక కాపీ మీ దగ్గర. సిరలో 16 లేదా 18 గేజ్ కాన్యులా, వెంట ఒక సిస్టర్.

తల వచ్చి భుజం ఇరుక్కున్నప్పుడు పొట్ట మీద నొక్కడం నిషేధం. ఆయాలు ఎక్కి నొక్కే అలవాటు ఉన్నచోట బిడ్డ చేయి చచ్చుబడినా, గర్భసంచి చిరిగినా సమాధానం చెప్పుకోలేరు. తొడలు పొట్ట వైపు బాగా మడిచి, పొత్తికడుపు ఎముకకు కాస్త పైన, బిడ్డ వీపు ఉన్న వైపు నుంచి నొక్కాలి. తల బయటికి వచ్చిన సమయం, ఒళ్లు వచ్చిన సమయం, ఏ భుజం పైన ఉంది, ఏ క్రమంలో ఏం చేశారు అన్నవి రాయాలి. బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలోనే గాలి అందించడం మొదలవ్వాలి. పుట్టిన బిడ్డ స్థితికి వేసే అప్గార్ మార్కులు 1, 5 నిమిషాలకు, తక్కువుంటే 10 నిమిషాలకు కూడా. వీలున్నచోట బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ (ఆమ్లత) పరీక్ష చేయించండి. 7.0 కంటే ఎక్కువుంటే, నొప్పుల సమయంలో ఊపిరాడకే మెదడు దెబ్బతిందన్న వాదన బలహీనపడుతుంది.

సమ్మతి పత్రం విషయంలో మన దగ్గర పెద్ద లోపం ఒకటుంది. సంతకం భర్తదో, అత్తదో తీసుకుంటారు. పద్దెనిమిదేళ్లు నిండి స్పృహలో ఉన్న తల్లి ఉండగా ఆ సంతకాలు ఆమె సమ్మతికి బదులు కావు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అదే. సమీరా మత్తులో ఉండగా ఆమె తల్లి దగ్గర సమ్మతి తీసుకుని గర్భసంచి తీసేయడాన్ని కోర్టు ఒప్పుకోలేదు. సిజేరియన్‌కు తీసుకున్న సమ్మతి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు చెల్లదు. దానికి వేరే పత్రం, నొప్పులు మొదలవకముందే. ఆ ఆపరేషన్ ఒక్కోసారి విఫలం కావచ్చని, నెలసరి తప్పితే రెండు వారాల్లో రావాలని అందులో ఉండాలి. విఫలం కావడమే నిర్లక్ష్యం కాదని 2005లో శివరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ మాట ముందే చెప్పినట్టు సంతకం ఉంటేనే మీకు అది పూర్తిగా అక్కరకొస్తుంది. నగరి, కుప్పం, చిత్తూరు వైపు తమిళం మాత్రమే చదవగలిగేవాళ్లు చాలామంది. తెలుగు, తమిళం రెండింటిలోనూ పత్రాలు అచ్చు వేయించండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించినవాళ్ల పేరు, సంతకం ఉండాలి. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. పెళ్లయింది కదా అని ఊరుకుంటే ఆ తప్పు ఆసుపత్రిదే అవుతుంది.

ముహూర్తం సిజేరియన్ల గురించి సూటిగానే చెప్పాలి. మొదటి మూడు నెలల స్కాన్ ప్రకారం 39 వారాలు నిండకుండా, వైద్య కారణం లేకుండా ముహూర్తానికి కోత పెడితే, బిడ్డకు ఊపిరి ఆయాసం వచ్చి పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్ అయిన ఎన్‌ఐసీయూకి పోయిన రోజున ‘వాళ్లే అడిగారు’ అన్న జవాబు నిలవదు. 39 నిండాక, ఆ వారంలో వాళ్లకు నచ్చిన పూట ఇవ్వడంలో ఇబ్బంది లేదు. పుట్టింటికి కాన్పుకు వచ్చిన అమ్మాయిల ఫైలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉండిపోతుంది. మొదటిరోజే ఆ స్కాన్లు, రక్త పరీక్షలు వాట్సాప్‌లో తెప్పించి ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

సిబ్బంది అర్హతలు కూడా చూసుకోండి. రాత్రి డ్యూటీకి హోమియో, ఆయుర్వేద డాక్టర్లను పెట్టుకుని వాళ్ల చేత అల్లోపతి మందులు రాయించే ఆసుపత్రులున్నాయి. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అలాంటి వైద్యాన్ని, వేరే రుజువు అక్కర్లేకుండానే, నిర్లక్ష్యంగా లెక్కించింది. ఒక్క ఆ సంగతితోనే మిగతా రికార్డంతా వృథా అవుతుంది. లేబర్ రూమ్‌లో ఉండే సిస్టర్ రిజిస్ట్రేషన్ కాపీ ఫైల్లో ఉండాలి, ఏటా చూసుకోవాలి.

చెడు జరిగితే మొదటి గంటలోనే పెద్ద డాక్టరు కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాలి. తెలిసింది చెప్పండి, తెలియనిది ఊహించకండి, బాధను బాధగా ఒప్పుకోండి. మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. బిల్లు కోసం శవాన్ని ఆపడం అమానుషం, చట్టం ముందు కూడా నిలవదు. కారణం తెలియని చావైతే పోస్ట్‌మార్టం చేయించమని రాతపూర్వకంగా సలహా ఇవ్వండి, వద్దంటే ఆ మాట వాళ్ల చేతిరాతతో తీసుకోండి. తల్లి మరణమైతే ఆరోగ్యశాఖకు 24 గంటల్లో తెలియజేయాలి. రిఫర్ అయి వచ్చిన కేసులో ‘ఇంత ఆలస్యంగానా తెచ్చేది, అక్కడ ఏం చేశారు’ అని అటెండెంట్ల ముందు అనకండి. కేసులు చాలావరకు ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతాయి.

రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అసలు కాగితాలు ఇవ్వకండి. పోలీసులు తీసుకెళ్తే రసీదు తీసుకోండి, ముందే పూర్తి జిరాక్సు చేయించుకోండి. నిబంధన ప్రకారం రికార్డులు మూడేళ్లు ఉంచితే చాలు. కానీ మైనరు పేరున సివిల్ దావా గడువు మేజరయ్యాక మూడేళ్ల దాకా సాగుతుంది, కాబట్టి బిడ్డ ఏడవని కాన్పుల ఫైళ్లు ఇరవై ఒక్కేళ్లు దాచండి. క్రిమినల్ కేసు విషయానికి వస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ డాక్టరుకు రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అయితే 2005 నాటి జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం ఘోర నిర్లక్ష్యం ఉండాలి, ఆ శాఖకు చెందిన స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలి, మామూలుగా అరెస్టు చేయకూడదు. ఆ తీర్పు కాపీ మీ లాయరు దగ్గరే కాదు, మీ ఆఫీసులోనూ ఉండనివ్వండి.

వినియోగదారుల కేసు వేయడానికి గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఏ కమిషన్ అన్నది మీకు కట్టిన ఫీజును బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. కాబట్టి కోటి రూపాయలు అడిగినా కేసు జిల్లా కమిషన్‌కే వస్తుంది. నోటీసు అందాక జవాబుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆ 45 రోజులు దాటితే జవాబు తీసుకోరని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అందుకే నోటీసు వచ్చిన రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, వాళ్లతో మాట్లాడకుండా రాజీ మాటలు రాయకండి.

పాలసీ మొత్తం కంటే ముందు చూడాల్సిన అంశాలు ఉన్నాయి. ఈ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్ వచ్చిన ఏడాది అమల్లో ఉన్న పాలసీయే కట్టే రకం. ఒక్క ఏడాది రెన్యువల్ తప్పితే, పాత కాన్పులకు రక్షణ ఇచ్చే వెనకటి తేదీ పోతుంది. కంపెనీ మార్చినా ఆ తేదీ అలాగే కొనసాగించమని రాయించుకోండి. డాక్టరు పాలసీ వేరు, ఆసుపత్రి పాలసీ వేరు, సిస్టర్ల పొరపాటు రెండో దానిలోకి వస్తుంది. మత్తు డాక్టరుకు, పిల్లల డాక్టరుకు సొంత పాలసీలున్నాయో లేదో కాపీలు తీసుకోండి. లేకపోతే వాళ్ల భాగం కూడా మీ మీదే పడుతుంది. ఒక్క ఘటనకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అనే పరిమితుల్ని చదివి, ఆ తర్వాతే మొత్తం పెంచాలా అన్నది తేల్చుకోండి.